రాజాజ్ఞ వినని కంప్యూటర్

రాజులూ కంప్యూటర్లూ కలిసి బతికిన ఒక కాలంలో, చండకేతు మహారాజు ముహూర్తం పెట్టించి కొలువులో కంప్యూటర్ వెలిగించాడు. “దీన్ని ఆర్పితే రాజ్యానికి అరిష్టం. ఆర్పినవాళ్ల తల తీయిస్తా!” అన్నాడు.

కొన్నాళ్లకి అది బిగుసుకుపోయింది. ఉలకదు, పలకదు. ఒకసారి ఆపి మళ్లీ పెడితే చాలని ఆపరేటర్ నూకాలుకి తెలుసు. ఆపితే తల పోతుంది. బాగుచెయ్యకపోయినా పోయేలాగే ఉంది.

నూకాలు రాజుకి చేతులు జోడించింది. “ఇది నా మాట వినట్లేదు ప్రభూ. తమరే ఆజ్ఞాపించండి.”

“ఊఁ, కదులు!” అని రాజు గర్జించాడు. కదిలితేగా! కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మొహం కందగడ్డయింది.

నూకాలు ఒకడుగు ముందుకేసింది. “ఆజ్ఞ ధిక్కరిస్తే తమరేం శిక్ష వేస్తారు ప్రభూ?”

“తిండి ఆపిస్తా!”

“దీని తిండి కరెంటే ప్రభూ.”

“అయితే పీకెయ్!”

ఆ మాట కోసమే కాచుకున్న నూకాలు ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

“ఆర్పేసింది! తల తీయించండి!” మంత్రి కేకపెట్టాడు.

“ఎవరి ఆజ్ఞ మీద ఆరిందో మంత్రిగారే చెప్పాలి,” అంది నూకాలు.

మంత్రి రాజుగారి వంక చూశాడు. “ఆరడమేమిటమ్మా? కాస్త కునుకు తీస్తోందంతే!”

నూకాలు ప్లగ్గు పెట్టింది. కంప్యూటర్ కళ్లు తెరిచింది.

“చూశారా, నా శిక్షంటే ఎంత భయమో!” అని రాజు మీసం దువ్వాడు.

మంత్రి మాత్రం మెడ తడుముకుంటూనే ఉన్నాడు.