దోనయ్య కొలువు మానిన వైనం

మణిగిరి ఏలే రణభీమరాజుకి తన కొలువంటే మహా మురిపెం. అంతటి చల్లని కొలువులోంచి వంటవాడొకడు కోటగోడ దూకి పారిపోయాడని తెలిసి ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు నిండు సభలో చాటించాడు. పోవాలనుకున్నవాడు దర్జాగా పోవచ్చు, గోడలు దూకనక్కర్లేదు. కాకపోతే చిన్న విచారణ ఉంటుంది. అతను పోతే కొలువుకు నష్టమని తేలితే పోకూడదు. నష్టం లేదని తేలితే ఇన్నాళ్ళూ ఊరికే తిన్నట్టు గనక గుండు గీయించి పంపుతారు.

సభలో ఒక్కరూ కదల్లేదు. ఎంత సుఖంగా ఉన్నారో చూశారా అని రాజు మీసం దువ్వాడు.

ఈ కథ చెబుతున్న నేనైతే తల తడుముకుని కూర్చునేవాణ్ణి. నేను మానేసిన ఉద్యోగాలన్నీ యజమానులు మాన్పించినవే.

లేచినవాడు దోనయ్య. రాజుగారి విందుల్లో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూడటం అతని పని. వినడానికి తేలికే. కానీ సామంతుల్లో సగంమందికి మిగతా సగంమందితో పగ. ఒక్క విస్తరి అటూ ఇటూ అయితే నెయ్యి వడ్డించేలోగా కత్తులు లేస్తాయి. విందు బాగా జరిగితే శాలువా పైఅధికారి నాగదేవయ్యకి. పాయసం అడుగంటినా తిట్లు దోనయ్యకి. బంతి మధ్యలో, అందరూ వింటుండగా, "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా" అని నాగదేవయ్య అడగని విందు లేదు.

చివరికి బావమరిది పెళ్ళిలో దోనయ్య పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురునీ కూడా ముందుజాగ్రత్తగా దూరందూరంగా కూర్చోబెట్టాడు. భార్య బాచమ్మ తేల్చి చెప్పేసింది. "మీరు ఆ కొలువన్నా మానండి, మావాళ్ళ ఇళ్ళకు రావడమన్నా మానండి."

అందుకే లేచాడు.

"నేను పోతే నష్టమేమీ లేదు ప్రభూ. నాగదేవయ్యగారినే అడగండి."

రాజు అడిగాడు. మొన్నటి విందులో బద్ధశత్రువులిద్దరు ఒకరి విస్తట్లో ఒకరు బూరెలు వేసుకున్నారే, ఆ అమరిక ఎవరిదని. దానికి పుచ్చుకున్న బంగారు కంకణం నాగదేవయ్య చేతికి ఇంకా మెరుస్తూనే ఉంది. కాదనడం ఎలా? ఆ విందే కాదు, అన్ని విందులూ తన బుర్రలోంచి పుట్టినవేనన్నాడు.

రాజు మంగలిని పిలిపించాడు. దోనయ్య తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు.

"గీయించండి ప్రభూ. ఊరికే తిన్నవాడికి గుండు సరే. తెలిసి తెలిసీ ఏటా దసరాకి 'వీణ్ణి ఉంచండి' అని తమకు విన్నవించినవారికి ఏం గీయించాలో కూడా సెలవివ్వండి."

నాగదేవయ్య జుట్టుముడి ఊరంతా పేరున్నది. రోజూ సంపెంగ నూనె, మల్లెదండ. ఆయన చెయ్యి దానంతటది ముడి మీదికి పోయింది. వెంటనే మాట తిరిగింది. నిజానికి అమరికలన్నీ దోనయ్యవేనట. అతని వినయం చెడకూడదని తాను పైకి చెప్పలేదట. అతను పోతే కొలువు మునిగిపోతుందట.

"విన్నావుగా, నష్టం తేలింది. ఇక నువ్వు పోలేవు" అన్నాడు రాజు.

"చిత్తం. పనంతా నాదేనని వారే ఒప్పుకున్నారు. మరి వారు పోతే నష్టమేమిటో కూడా విచారించండి ప్రభూ. మంగలి ఎలాగూ వచ్చి ఉన్నాడు."

సభంతా గొల్లుమంది. రాజు సింహాసనం చేయి పట్టుకుని మరీ నవ్వాడు. నాగదేవయ్య ఆసనం ఇక నీదే, వచ్చి కూర్చోమన్నాడు.

దోనయ్య దాన్ని ఒకసారి చూశాడు. పట్టుదిండు మెత్తగానే ఉంది.

"వద్దు ప్రభూ. అందులో కూర్చుంటే వారం తిరక్కుండా పక్కవాడి పని నా పనిలా కనిపిస్తుంది. బహుమతి ఇవ్వదలిస్తే ఆ వాకిలి తెరిపించండి."

షరతు పెట్టింది నేనే, ఎత్తేసేదీ నేనే అంటూ రాజు మళ్ళీ నవ్వాడు. వాకిలి తెరిపించి, ఇంటిదాకా తన సొంత పల్లకీ ఇచ్చాడు. దోనయ్య పల్లకీ ఎక్కి వెనక్కి చూస్తే, సెలవు అడగడానికి సగం సభ వరుసలో నిలబడి ఉంది.