వంటశాల లేని ఘటాలమ్మ గుడి

ట్రినిడాడ్ దీవికి రాజధాని అయిన పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో, రేవుకు కాస్త ఎగువన, చింతచెట్టు సందు చివర శ్రీ ఘటాలమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడి చిన్నది. రేకుల కప్పు, పసుపు రాసిన గోడలు, గుమ్మానికి వేపమండలు. గర్భాలయంలో విగ్రహం లేదు. అడుగున మసి పట్టిన ఒక మట్టి ఘటమే అమ్మవారు. మొదటిసారి వచ్చిన భక్తులు ప్రసాదం వాసన కోసం గాలి పీల్చి, ఏమీ తగలక, అర్చకుల వంక అనుమానంగా చూస్తారు. వారి అనుమానం నిజమే. ఈ గుడిలో పొయ్యి లేదు, గరిటె లేదు, వంటవాడు లేడు. అమ్మవారి నైవేద్యం ఊరు వండుతుంది, భక్తుడు తెస్తాడు.

తెచ్చే పద్ధతి ఇది. తెల్లవారగానే స్నానం చేసి పరగడుపున గుడికి రావాలి. అర్చకులు వేపరెమ్మ కట్టిన చిన్న మట్టి ముంత చేతికిస్తారు. దాన్ని పట్టుకుని ఒంటరిగా వీధుల్లోకి వెళ్లాలి. దారి చూపేవారు వెంట రారు, పటం ఇవ్వరు, ఎవరినీ దారి అడగకూడదు. అసలు గుడికి తిరిగి వచ్చేదాకా నోరే విప్పకూడదు. పొయ్యి వెలుగుతున్న చోటల్లా ఆగాలి, ముంతలో ఏది పడితే అది పుచ్చుకోవాలి, వద్దనకూడదు. దారి తప్పిపోతామేమోనని కొందరు భయపడతారు. తప్పినా నష్టం లేదు. ఈ నగరంలో దారి తప్పినవాడు మరో వంటకం దగ్గర తేలుతాడు తప్ప ఆకలితో పడిపోయిన దాఖలా లేదు.

సందు దాటగానే డబుల్స్ బండి ఎదురవుతుంది. అరచేతిలో పట్టే బారా అనే రెండు మెత్తని పసుపు రొట్టెల నడుమ వేడి శనగల కూర పెట్టి, బండివాడు కారం కొంచెమా, ఎక్కువా అని అడుగుతాడు. మౌనంలో ఉన్న భక్తుడు తల ఎటు ఊపాలో తేల్చుకునేలోగా కారం గరిటె పడిపోతుంది. ఈ పుస్తకం రాస్తున్న నాకు కూడా అలాగే పడింది. గుడికి తిరిగి వచ్చి తిన్నప్పుడు కన్నీళ్లతో అమ్మవారిని తలచుకున్నాను. షార్లెట్ వీధిలో పచ్చి మామిడి ముక్కలకు ఉప్పు, మిరప, కొత్తిమీరను మించిన ఘాటు గల షాడో బెనీ ఆకు పట్టించి ఇస్తారు. చీనా దుకాణాల్లో ఆవిరి మీద ఉడికిన తెల్లని రొట్టెలు, పావ్‌లు అంటారు, ఉంటాయి. ఒక మలుపులో ఉప్పుచేప వేపుడు, మరో మలుపులో కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పులుసు. దాన్ని అక్కడివారు కాలలూ అంటారు. మనవారు మొదటి గరిటెకే మా ఇంటి కూర అంటారు. సవన్నా మైదానం అంచున కొబ్బరి బొండాలవాడు ఒక్క వేటుకు బొండం తల తీసి, నీళ్లు ముంతలో పోయక భక్తుడి చేతుల మీద పోస్తాడు. అదే అభిషేకం అనుకుని వెనక్కి తిరగాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రేకుల పాక ఒకటి ఉండేది. విశాఖ ప్రాంతం నుండి ఓడలెక్కి చెరకు తోటల పనికి వచ్చిన మనవారిలో కొందరు, ఒప్పందం తీరాక నగరంలో కూలి వెతుక్కుంటూ ఈ సందులో చేరారు. వారిలో సింహాద్రి అనే ఆయన రేవులో బస్తాలు మోసేవాడు. ఆయన భార్య సన్నెమ్మ. వారికి ముత్యాలు అని ఒక్కతే కూతురు. తోటలో ఉన్నంతకాలం ఆ పిల్లకు నానమ్మ చేతి ముద్దే ముద్ద. నగరానికి వచ్చేముందు ముసలమ్మ కాలం చేసింది. ఆనాటి నుండి ముత్యాలు అన్నం ముట్టడం మానేసింది. బతిమాలితే రెండు మెతుకులు, బెదిరిస్తే అవీ లేవు. పిల్ల చీపురుపుల్లలా అయిపోయింది. మందులు ఇచ్చారు, దిష్టి తీశారు. ఉన్న ఒక్క కూతురిని కళ్లముందే కరగనిచ్చి తాను బతకడమా అని సన్నెమ్మ గుండె బేజారెత్తిపోయింది.

ఆ పాకలో పోలయ్య అనే పెద్దాయన అమ్మవారి పూజలు జరిపించేవాడు. కోపం ఎక్కువ, భక్తి అంతకన్నా ఎక్కువ. సన్నెమ్మ ఆయన దగ్గర మొక్కుకుంది. మంగళవారం ఘటం ఎత్తి, మనవారి ఇళ్లకు తిరిగి, గుప్పెడు గుప్పెడు బియ్యం తెచ్చి, బోనం వండి అమ్మకు పెడతాను, ఆ ప్రసాదంతో నా బిడ్డ నోరు తెరవాలి అన్నది మొక్కు. పోలయ్య నియమాలు చెప్పాడు. ఘటం ఎత్తినమ్మ నైవేద్యం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లయినా తాగకూడదు, మాట్లాడకూడదు, ఘటాన్ని దించకూడదు, అందులో పడినదాన్ని కాదనకూడదు. స్వగ్రామంలో ఈ నియమాలకు ఏ ఇబ్బందీ లేదు. ఘటం కనబడితే ప్రతి ఇల్లాలూ చేటతో బియ్యం తెచ్చేది.

కానీ ఇది పోర్ట్ ఆఫ్ స్పెయిన్. మనవారి ఇళ్లు బజారు వెనక ఎక్కడో ఉన్నాయని మాత్రమే సన్నెమ్మకు తెలుసు. సింహాద్రి తెల్లవారకముందే రేవుకు పోయాడు. నెత్తిన ఘటం, నోటికి తాళం. అడుగుదామంటే మొక్కు, అడగకపోతే దారి లేదు. బజారు దగ్గర కుడికి తిరగవలసింది ఎడమకు తిరిగింది. ఇక ఏ ఇల్లు ఎవరిదో తెలియక, పొయ్యి పొగ లేస్తున్న ప్రతి గుమ్మం ముందూ నిలబడడం మొదలుపెట్టింది.

మొదటి గుమ్మం సెలెస్టీన్ అనే నల్లజాతి పెద్దావిడది. ఆవిడ వీధి అరుగు మీద కాలలూ వండి అమ్మేది. ఎదురుగా పసుపు పాదాలతో, ఖాళీ కుండతో, ఎండిన పెదవులతో ఒక పడుచు నిలబడింది. ఏం కావాలని అడిగింది, జవాబు లేదు. పేరు అడిగింది, అదీ లేదు. మాట కూడా పెగలనంత ఆకలి కాబోలు దీనిది అనుకుని, ఆ తల్లి చేమాకు పులుసు గరిటెడు తెచ్చి ఘటంలో పోసేసింది. వండని బియ్యం పడవలసిన ఘటం అది. వద్దనడానికి సన్నెమ్మకు నోరు లేదు, తల ఊపితే కాదన్నట్టు అవుతుంది. దణ్ణం పెడదామంటే రెండు చేతులూ కుండ మీదనే ఉన్నాయి. కళ్లతోనే మొక్కి ముందుకు కదిలింది.

ఈ కబురు ఆమెకన్నా ముందే వీధులు చుట్టింది. మూగ పడుచు ఒకతె కుండ పట్టుకుని వస్తోందని తెలిసి జనం గరిటెలు సిద్ధం చేసుకున్నారు. చీనా దుకాణదారు రెండు పావ్‌లు ఆకులో చుట్టి పైన పెట్టాడు. ఉప్పుచేప పకోడీలు వేయించే మనిషి కొత్త వాయి దిగేదాకా ఆమెను నిలబెట్టి మరీ వేశాడు. వెనిజులా వైపు నుండి వచ్చిన ఒక ఇంటివారు అరటాకులో ఉడికించిన మొక్కజొన్న పస్తెల్ ఇచ్చారు. బీహారు నుండి వచ్చిన ముసలాయన పప్పు పూరీ మడిచి ఇస్తూ, తన భాషలో ఏవో నాలుగు మాటలు కూడా చెప్పి పంపాడు. ఎక్కడా ఒక్క గింజ బియ్యం దొరకలేదు. ఘటం మాత్రం మెడ నొప్పి పుట్టేంత బరువెక్కింది. కుండలోంచి వచ్చే వాసనలకు ఉపవాసంలో ఉన్న సన్నెమ్మ కడుపు ఎంత గోల పెట్టి ఉంటుందో భక్తులు నడిచి తెలుసుకోవలసిందే.

మధ్యాహ్నానికి ఎలాగో పాక చేరింది. పోలయ్య కుండ దించి లోపలికి చూసి నిర్ఘాంతపోయాడు.

"బియ్యం తెమ్మంటే కూడు తెచ్చినావేటే? పరాయి పొయ్యిల మీద కూడు అమ్మకెలాగ పెట్టీది?"

సన్నెమ్మ చెప్పుకోలేదు, ఏడవలేదు. మొక్కు చెడిపోయిందని, ఇక బిడ్డ దక్కదని ఆమెకు లోపల ఖాయమైపోయింది. పోలయ్యకు ఆ ముఖం చూసి జాలి కలిగింది గాని నియమం నియమమే. పారబోయడానికి చేతులు రాలేదు, నివేదించడానికి ధైర్యం రాలేదు. చివరికి, తాను కాసేపు పడుకుంటాననీ, అమ్మవారు కలలో కనబడి ఏది చెబితే అది చేద్దామనీ చెప్పి, ఘటం పక్కనే చాప పరుచుకున్నాడు.

కల రావాలంటే ముందు నిద్ర రావాలి. వేయించిన చేప, కొబ్బరిపాలు, పప్పు పూరీ చెవి పక్కన పెట్టుకుని ఎవరికి నిద్ర పడుతుంది? పెద్దాయన అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఆ ఉదయం నుండి ఆయనా పస్తే. అమ్మా త్వరగా రావే అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అప్పుడు కరకరమని చప్పుడు వినిపించింది.

కళ్లు తెరిస్తే, ఉదయం నుండి పాక మూలన పడుకుని ఉన్న ముత్యాలు ఘటం ముందు గొంతుక్కూర్చుని ఉప్పుచేప పకోడీ నములుతోంది. అది అయిపోగానే పావ్ తుంచి చేమాకు పులుసులో ముంచింది. ముంజేతి మీదుగా కారిన పులుసును నాకింది. ఆ పిల్లకు ఆకలి ఎందుకు పుట్టిందో పురాణం చెప్పదు. అమ్మవారి మహిమ అనేవారు ఉన్నారు, మిరపకాయ మహిమ అనేవారూ ఉన్నారు. నేను రెండింటినీ నమ్ముతాను.

సన్నెమ్మ మాత్రం కొయ్యబారిపోయింది. పిల్ల తింటోందని ఆనందం, నైవేద్యం కాకుండానే ఎంగిలి పడిందని భయం. ఆపితే మళ్లీ తింటుందో లేదో, ఆపకపోతే అమ్మ ఏమంటుందో. ఇంతలో ముత్యాలు తలెత్తి తల్లి ఎండిన పెదవులను చూసింది.

"అమా, నువ్వు తిన్నావేటి?"

మౌనంలో ఉన్న తల్లి పలకలేదు. పిల్ల పస్తెల్ ముక్క ఒకటి తీసి తల్లి నోటి దగ్గర పెట్టింది. సన్నెమ్మ పెదవులు బిగించి ముఖం తిప్పుకుంది. ముత్యాలు ఆ ముక్కను తిరిగి ఘటంలో వేసేసి చేతులు ఒడిలో పెట్టుకుంది.

"నువ్వు తినకపోతే నానూ తినను."

సన్నెమ్మ పోలయ్య వైపు చూసింది. తింటే మొక్కు తప్పుతుంది, తినకపోతే బిడ్డ ఆగిపోతుంది. ఇన్నాళ్లకు తెరుచుకున్న నోరు మళ్లీ మూతపడబోతోంది. పోలయ్య చాప మీద లేచి కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. పిల్లను తేరిపార చూసి, రెండు చేతులూ జోడించి, తరువాత తల్లితో మెల్లగా అన్నాడు.

"తినవే సన్నెమ్మా. అమ్మ ఎదురుగా కూకుని అడుగుతుంటే, జవాబు సెప్పకుండా అలాగ సూత్తావేటి?"

సన్నెమ్మ నోరు తెరిచింది. బిడ్డ మళ్లీ తీసి పెట్టిన ముద్ద నమిలి మింగి, బావురుమని ఏడ్చి, "నేదమ్మా, ఇప్పుడు తింతన్నాను" అంది. ఆ మౌనం ముగిశాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. పోలయ్యకు ఒక ముద్ద ముత్యాలే పెట్టింది. ఆయన మరి కల కోసం పడుకోలేదు. సాయంత్రం రేవు నుండి వచ్చిన సింహాద్రి, కూతురు తన చేతిలోంచి ముద్ద లాక్కుని తినడం చూసి, గోడకు ఒరిగి అలాగే కూర్చుండిపోయాడట.

మరునాడు మూగ పడుచు ఎలా ఉందోనని సెలెస్టీన్ వెతుక్కుంటూ వచ్చింది. సన్నెమ్మ గలగలా మాట్లాడుతూ ఎదురు రావడంతో ఆవిడ మొదట తెల్లబోయి, సంగతి తెలిశాక కడుపుబ్బ నవ్వింది. పోలయ్య ఆ ఘటాన్ని కడిగి, పసుపు రాసి, పాకలో నిలబెట్టాడు. ఇక్కడ పొయ్యి పెట్టవద్దని, ఊరి పొయ్యిలన్నీ అమ్మవేనని ఆనాడే చెప్పాడు.

ఆ ఆచారం నేటికీ చెక్కుచెదరలేదు. ముంతలు నిండి వచ్చాక ముందుగా ఒక పసిబిడ్డ రుచి చూస్తుంది, ఆ తరువాతనే అమ్మవారికి నివేదన. అనంతరం భక్తులు బంతిగా కూర్చుంటారు. ఎవరూ మొదటి ముద్ద తన నోట పెట్టుకోరాదు. పక్కవారి వైపు తిరిగి "తిన్నావేటి?" అని అడిగి వారి నోట పెట్టాలి. ఈ దీవిలో మనవారి మనుమలకు, మునిమనుమలకు తెలుగు ఏనాడో పోయింది. ఈ ఒక్క మాట మిగిలింది. నల్లవారు, చీనావారు, సిరియా దుకాణాలవారు, అందరూ దానిని ఉత్తరాంధ్ర యాసలోనే పలుకుతారు. అర్థం ఏమిటని అడిగితే చెప్పలేరు, ముద్ద తీసి నోట్లో పెడతారు.

అన్నం తినడానికి మారాం చేసే పిల్లలు, దుఃఖంతో ఆకలి చచ్చిన పెద్దలు, అలిగి వేరువేరుగా తింటున్న ఆలుమగలు ఈ తల్లిని సేవిస్తే కడుపు చల్లబడుతుందని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారు సంకోచించవద్దు. బంతిలో కూర్చోండి, మీ పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు, ముద్ద పట్టుకుని మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు మాత్రం మొహమాటానికి పోయి తిన్నానని చెప్పకండి.