వందలో రెండు అడుగులు

గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి ఆసుపత్రిలో రోగులను లేపి నడిపించే పని చేసే యేసోబు అనే యువకుడికి, మనిషి కంటే ముందు లెక్క కనిపించేది.

ఎవరూ చెప్పకుండానే అతను నడక గదిలో గోడకి ఒక నల్లబల్ల తగిలించాడు. ఏ రోగి ఏ రోజు ఎన్ని అడుగులు వేసిందీ దాని మీద రాసేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన సూరమ్మ పేరు కూడా ఆ బల్ల మీదకి ఎక్కింది. సూరమ్మ ఇరవై ఏళ్ళుగా బస్టాండు దగ్గర బండి మీద అట్లు పోసేది. మళ్ళీ పెనం ముందు తన కాళ్ళ మీద నిలబడాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

మొదటి రోజు పెద్ద ఫిజియో భ్రమరాంబగారు దగ్గరుండి సూరమ్మ నడుముకి బెల్టు కట్టించారు. బెత్తెడు వెడల్పున్న దళసరి గుడ్డ బెల్టు అది. పట్టుకోవడానికి చుట్టూ పిడులున్నాయి.

"చీర మడతలు సర్ది కట్టు. రెండు వేళ్ళు దూరేంత సందు చాలు. లేచి నిలబడ్డాక వదులవుతుంది, మళ్ళీ బిగించు. ఆమె ఎడమ పక్కన నిలబడు. ఏమైనా సరే చెయ్యి పట్టుకుని లాగకు, బెల్టు పట్టుకో" అన్నారావిడ.

"ఇదేంటి నాయనా, సంతకి తోలుకెళ్ళే గేదెని కట్టినట్టు కడుతున్నావు?" అంది సూరమ్మ.

"గేదె అయితే తన్నేది పిన్నీ. నువ్వు తిడతావు, అంతేగా" అన్నాడు యేసోబు.

ఆ రోజు నాలుగు అడుగులు వేసింది. మర్నాడు ఎనిమిది. "రోజుకి నాలుగు చొప్పున పెరిగితే ఇరవై ఐదో రోజుకి వంద!" అని యేసోబు ఆ అంకెను బల్ల మీద ముందే రాసేశాడు.

"నా పొయ్యి దగ్గర్నుంచి నీళ్ళ డ్రమ్ము దాకా ఆరే అడుగులురా అబ్బాయి. వంద వేశానంటే ఇక నేను మహారాణినే" అని నవ్వింది సూరమ్మ.

ఇరవై నాలుగో రోజుకి తొంభై ఆరు అయ్యాయి. ఆ నడకలో రెండుసార్లు ఆమె ఎడమ మోకాలు మడత పడింది. రెండుసార్లూ యేసోబు పిడి పట్టుకుని ఠక్కున నిలబెట్టేశాడు. తను పడబోయిందని సూరమ్మకి సరిగ్గా తెలియనే లేదు.

మర్నాడు ఇంటికి పంపుతారనగా, ఇరవై ఐదో రోజున ఆమె కూతురు నీలవేణి ఫోను తీసింది.

"వీడియో తీస్తాను అన్నయ్యా. మా అమ్మ ఇక లేవదని బస్టాండంతా చెప్పుకుంటున్నారు. అందరికీ చూపిస్తాను."

యేసోబు ఆ ఫోనులోకి తొంగి చూశాడు. సూరమ్మ నడుముకి బెల్టు, దాని మీద తన పిడికిలి. ఎవరో మోసుకెళుతున్నట్టు ఉంది. అతనికి అది నచ్చలేదు. వెంటనే మనసులో లెక్క కట్టాడు. నిన్న దాదాపు వంద అడుగుల్లో తూలింది రెండు. అంటే వందకి తొంభై ఎనిమిది నిక్షేపంగా వేసినట్టే. అతను బెల్టు విప్పేశాడు.

సూరమ్మ కుడిచేత్తో నడుము తడుముకుంది. "తీసేస్తున్నావేంటి నాయనా? భయంగా ఉంది."

"నేను ఇక్కడే ఉంటాగా పిన్నీ."

"సరే, నువ్వున్నావుగా" అంది ఆమె.

వీడియోలో పడకూడదని అతను రెండు బారలు వెనక్కి తప్పుకున్నాడు. ఇరవై అయ్యాయి. నలభై అయ్యాయి. నీలవేణి ముఖం వెలిగిపోతోంది. యేసోబు పైకే లెక్కపెడుతున్నాడు. అరవై మూడో అడుగు దగ్గర సూరమ్మ మోకాలు మడత పడింది.

యేసోబు ఒక్క ఉరుకు ఉరికాడు. పట్టుకోవడానికి నడుము దగ్గర ఏమీ లేదు. దొరికిన ఎడమచెయ్యి పట్టుకుని లాగాడు. చచ్చుబడిన ఆ చెయ్యి భుజం దగ్గర జారింది, మనిషి మాత్రం ఆగలేదు. ఆమె తుంటి నేలకి తగిలిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

భుజం సరిచేశారు, విరిగిన తుంటికి ఆపరేషను చేశారు. భ్రమరాంబగారు యేసోబును పిలిచి, "బెల్టు ఎందుకు తీశావు?" అని అడిగారు.

అతను ఏడుస్తూ చెప్పాడు. "తూలేది వందకి రెండేగా అనుకున్నాను మేడమ్."

"మనం బెల్టు కట్టేదే ఆ రెండింటి కోసం. మిగతా తొంభై ఎనిమిదికీ నువ్వూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు" అన్నారావిడ.

రెండు నెలలకి ఎముక అతుక్కుంది. సూరమ్మ మాత్రం లేవలేదు. బెల్టు తేగానే కుడిచేత్తో మంచం పట్టెని బిగించి పట్టుకునేది. "వద్దు నాయనా. నేలని చూస్తేనే కాళ్ళు చచ్చిపోతున్నాయి" అనేది. యేసోబును ఆమె ఒక్క మాట అనలేదు. తిడుతుందేమోనని అతను ఎన్నాళ్ళో ఎదురు చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆమెను ఇంటికి తీసుకెళ్ళిపోయారు. బస్టాండు దగ్గర ఆమె చోట ఇంకెవరో బండి పెట్టుకున్నారు. ఆ సంగతి కూతురు చెప్పినప్పుడు సూరమ్మ దుప్పటి ముఖం మీదకి లాక్కుంది. యేసోబు ప్రతి ఆదివారం బెల్టు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు. "నాలుగే అడుగులు పిన్నీ, నాలుగంటే నాలుగే" అని బతిమాలేవాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. పదకొండు ఆదివారాలు అలాగే గడిచాయి. పన్నెండో ఆదివారం నీలవేణి గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఇక రావద్దంది అన్నయ్యా అమ్మ" అని చెప్పి, కళ్ళు దించుకుని తలుపు వేసేసింది.

ఆ తర్వాత యేసోబు బెల్టు బిగించకుండా ఏ రోగినీ మంచం దింపలేదు. ఆ జాగ్రత్త ఎందరికో ఉపయోగపడింది. సూరమ్మకి మాత్రం ఉపయోగపడలేదు.

నీతి: పడిపోయే ఒక్క అడుగు కోసం ఇచ్చిన ఆసరాను, పడని అడుగులు ఎన్నో లెక్క చూసుకుని తీసెయ్యకూడదు.