కోడి వేసే వెనకడుగు

ఒకప్పుడు కోళ్లకు నేల కెలకడం రాదు. కళ్లాల్లో గింజలు దండిగా రాలేవి. కాళ్లకు మట్టి అంటకుండానే కడుపు నిండేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కళ్లాల్లో ఒక్క గింజ రాలలేదు. ఆ ఏడే పొడల పెట్ట గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. పిల్లలు ఆకలితో కీచుకీచుమంటున్నాయి. పురుగులైతే ఉన్నాయి, కానీ మట్టి కింద ఉన్నాయి. వాటిని పైకి తీయడం పొదల్లో ఉండే కౌజుపిట్టకు తెలుసు. పెట్ట పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, కౌజు పంతులమ్మ బడిలో వేసింది.

పాఠం చిన్నదే. రెండుసార్లు కెలకాలి, ఒక అడుగు వెనక్కి వేయాలి, ఏం బయటపడిందో చూడాలి. హోంవర్కూ చిన్నదే. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు.

పెట్టకు ఇది నచ్చలేదు. పక్క దొడ్లో బాతుపిల్లలు పొద్దస్తమానం ఈత నేర్చుకుంటున్నాయి, మా పిల్లలకు ఈ కాసేపు ఏ మూలకని నిలదీసింది.

“కెలకడం సగమే పెట్టమ్మా,” అంది పంతులమ్మ. “కెలికింది చూసుకోవడం మిగతా సగం. అలిసిపోయిన పిల్లలు ఆ సగం చెయ్యలేరు.”

పెట్ట తలూపింది. ఇంటికొచ్చి తనకు తోచిందే చేసింది. తల్లికి బెంగ పట్టుకుంటే ఎవరి మాటా చెవికెక్కదు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా కెలకమంది. వెనకడుగు టైం దండగని మాన్పించేసింది. తల ఎత్తిన పిల్లకు ముక్కుతో ఒకటి తగిలించింది.

పిల్లలు పాపం చెప్పినట్టే చేశాయి. పెరడంతా గుంటలు పడ్డాయి. కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక్క పిల్లకైనా ఒక్క పురుగు దొరకలేదు.

ఒక సాయంత్రం అందరిలోకీ చిన్నదైన బుజ్జిపెట్ట కెలుకుతూ కెలుకుతూ కూలబడిపోయింది. తల్లి పిలిచినా లేవలేదు.

పెట్ట పరుగున పోయి పంతులమ్మను లాక్కొచ్చింది. నీ చదువు నా బిడ్డకు కూడు పెట్టలేదని దులిపేసింది. పంతులమ్మ నేరుగా పిల్లల వెనక వైపుకు వెళ్లింది. పెట్ట కూడా వెళ్లి చూసింది.

అక్కడ ఒక గోరింక తీరిగ్గా కూర్చుని ఉంది. దాని పొట్ట నేలకు ఆనుతోంది. పిల్లలు కెలికి వెనక్కి చిమ్మిన పురుగులన్నీ ఇన్నాళ్లూ అదే తింటోంది.

“ఎంత బుద్ధిమంతులమ్మా మీ పిల్లలు,” అంది గోరింక. “ఇంకాస్త హోంవర్కు ఇవ్వండి.”

పెట్టకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గబగబా నేలను రెండుసార్లు కెలికింది. ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి చూసింది. మట్టిలో ఎర్రటి పురుగు మెలికలు తిరుగుతోంది. తీసుకెళ్లి బుజ్జిపెట్ట నోట్లో పెట్టింది.

బుజ్జిపెట్ట మెల్లగా మింగింది. కాసేపటికి కళ్లు తెరిచి, ఇంకోటి కావాలంది. ఆ రాత్రి పెట్ట పిల్లలన్నిటినీ తొందరగా నిద్రపుచ్చింది.

అప్పటినుంచే కోడి కాస్త కెలికి, ఒక అడుగు వెనక్కి వేసి, ఏం బయటపడిందో చూసుకుంటుంది. అది పంతులమ్మ ఇచ్చిన హోంవర్కు. గింజల కుప్ప మీద నిలబెట్టినా సరే, తినే ముందు కాళ్లతో చిందరవందరగా కెలుకుతుంది చూడండి, అదేమో అమ్మ ఇచ్చిన హోంవర్కు. ఇంకా అవ్వలేదు.