దుబాసమ్మ కొండ: ఇంకొకరి నోటి మొక్కు

క్రైస్తవుల పవిత్ర భూమికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఒక రాతి కొండ ఉంది. దాని మీద కూలిన కోటగోడలూ, వాటి నడుమ పదిమంది నిలబడితే నిండిపోయే చిన్న రాతి గుడీ తప్ప మరేమీ మిగలలేదు. గుడిలో బలిపీఠం పక్కన ఉన్న స్త్రీ విగ్రహాన్ని యాత్రకు వచ్చే మన తెలుగువారు దుబాసమ్మ అని పిలుచుకుంటారు. అక్కడివారి భాషలోనూ ఆమె పేరుకు అదే అర్థం, ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే తల్లి అని.

పూర్వం ఇక్కడ బెల్‌రోష్ అనే సంస్థానం ఉండేది. సిలువ యుద్ధాలకని పడమటి నుంచి ఓడలెక్కి వచ్చిన ఫ్రాంకు వీరుడొకడు ఈ కొండను గెలిచి కోట కట్టాడు. అతని కొడుకు చుట్టుపక్కల ఆలివ్ తోటల పల్లెలన్నీ కలుపుకున్నాడు. మనుమడు గొటియే దొర నాటికి సొంత రేవు కూడా ఏర్పడి సంస్థానం ఒక వెలుగు వెలిగింది. తాత, తండ్రి కత్తితో ఏలారు. గొటియేకు మాత్రం ప్రజలతో మాట్లాడాలని ఉండేది, కానీ వారి భాష రాదు. అందుకని తక్ల అనే స్థానిక క్రైస్తవ వితంతువును దుబాసిగా పెట్టుకున్నాడు. దొర కసురుకున్నా ఆమె నోట అది బుజ్జగింపుగా మారేదట.

ఆ నోరే దొరసాని హెల్విస్‌కు గిట్టలేదు. ఓడ దిగి వచ్చిన కొత్త పెళ్ళికూతురు ఆమె. దొర తనతో ముభావంగా నాలుగు ముక్కలు మాట్లాడి, దర్బారుకు వెళ్ళి అక్కడివారి మాటలను తక్ల తన చెవిలో వేయగానే పగలబడి నవ్వేవాడు. ఏమన్నదో హెల్విస్‌కు తెలియదు. తెలిసిన మాటైతే ఒకసారి ఏడ్చి ఊరుకునేది. తెలియని మాటకు రోజుకొక అర్థం కల్పించుకుని కళ్ళలో నిప్పులు పోసుకుంది. తక్ల నడివయసు మనిషి, ముందు పళ్ళు రెండు లేవు. అయినా అసూయకు అందచందాలతో పనేముంది? తనకు దక్కవలసిన మొగుడి నవ్వును ఎవరో పట్టుకుపోతున్నారు, అదీ ఆమె బాధ.

చివరికి భోజనం మాని మంచం పట్టి, తక్లను కోటలోంచి వెళ్ళగొట్టించింది. ఆమె స్థానంలో రేవులో బేరాలాడే ఒకణ్ణి దుబాసిగా పెట్టారు. అతనికి వచ్చినవి సంత మాటలే.

ఆ ఏడాదే సుల్తాను సేనాని ఒకడు దక్షిణాదికి పోతూ, కొండ కింద నుంచి దారి ఇవ్వమని దూతను పంపాడు. కొత్త దుబాసి తడబడి, "దారి పట్టమంటున్నాడు దొరా" అన్నాడు. తాత గెలిచిన నేల వదిలి పొమ్మంటాడా అని గొటియే మండిపడి, గుర్రమెక్కి ఆ సేన మీద పడ్డాడు. సాయంత్రానికల్లా సైన్యం చెదిరింది, రేవు పోయింది, పల్లెలు పోయాయి, దొర బందీ అయ్యాడు. అతని తల తీస్తారని కోటకు కబురు వచ్చింది.

హెల్విస్ పరుగున వెళ్ళి తక్ల గుమ్మంలో నిలబడింది. రమ్మని అడగడానికి నోరు రాలేదు. తక్లే చెప్పులు తొడుక్కుంటూ, "పదండి దొరసాని గారూ, సిగ్గు పడటానికి తర్వాత బోలెడంత తీరిక ఉంటుంది" అన్నది.

సేనాని డేరాలో హెల్విస్ మోకాళ్ళ మీద పడి, ఏడుస్తూ తన మొర చెప్పుకుంది. తక్ల దాన్ని అతని భాషలో చెప్పసాగింది. ఇంతలో సేనాని పగలబడి నవ్వాడు. మొగుడి మెడ మీద కత్తి ఉన్న ఆ వేళ కూడా హెల్విస్ కడుపు భగ్గుమంది. ఇది నా మీద పగ తీర్చుకుంటోంది అనుకుంది. కానీ చేయగలిగినదేమీ లేదు. తక్ల చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాసేపటికి గొటియే కట్లు విప్పారు. కోట అప్పగించి ఓడెక్కి పొమ్మన్నారు. రేవులో హెల్విస్ ఉండబట్టలేక అడిగింది.

"అంత నవ్వు వచ్చేలా ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పానమ్మా. ఈవిడకు నేనంటే పడదు, అయినా మొగుడి ప్రాణం తెచ్చి నా నోట్లోనే పెట్టింది, ఎంత కష్టంలో ఉందో చూడండి అన్నాను."

బెల్‌రోష్ సంస్థానం అంతటితో ముగిసింది. తక్ల కన్నుమూసిందని విన్నాక, హెల్విస్ పడమటి నుంచే కబురంపి, కొత్త ఏలికల అనుమతితో ఈ గుడి కట్టించిందంటారు. విగ్రహానికి నోరు తెరిచే ఉండాలని శిల్పికి గట్టిగా చెప్పిందట.

నేటికీ ఈ గుడిలో ఎవరి మొక్కు వారు చెప్పుకోకూడదు. మనకు గిట్టని మనిషిని వెంటబెట్టుకు వచ్చి, మన కోరిక ఆ మనిషి చెవిలో వేయాలి. ఆ మనిషే దాన్ని తల్లికి విన్నవించాలి. గిట్టనివారు లేనివారు పక్కనున్నవారితో చెప్పించుకోవచ్చు గానీ, అలాంటివారు ఇంతవరకు రాలేదని గుడి పెద్దలు అంటారు. ఇలా మొక్కినవారికి కడుపులో మంట చల్లారుతుందనీ, కోరినది దక్కుతుందనీ నమ్మకం.

మొన్నటి ఈస్టర్ యాత్రలో మనవైపు తోడికోడళ్ళిద్దరు వచ్చారు. ఇద్దరికీ పిల్లలు లేరు. చిన్నామె బిడ్డ కావాలని పెద్దామె చెవిలో చెప్పింది. పెద్దామె కొంగు తలమీదికి లాక్కుని విగ్రహం ముందుకు నడిచింది. ఆ తరువాత, "తల్లీ, దీనికొక బిడ్డనివ్వు" అని, కాస్త ఆగి, "నాకంటే ముందే ఇవ్వు" అన్నది.