అన్నప్పరాజుగారి మారు వడ్డన

ఇందాకటి నుంచీ మూతులు ముడుచుకుని కూర్చున్నారెందుకర్రా? నాకు తెలుసులే. తాతయ్య మారన్నం అడిగితే, గిన్నెలో అంత అన్నం పెట్టుకుని కూడా లేదన్నాననేగా? పాపం తాతయ్య, రాక్షసి అమ్మమ్మ! సరే, ఇటు రండి. ఒరే శ్రీకరూ, దుప్పటి తన్నకు. కథ చెప్తాను, ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగా ఓ రాజ్యం. అక్కడ నీళ్ళకి కరువు లేదు, వరికి కరువు లేదు. ఆ రాజు పేరు అన్నప్పరాజు. పేరుకు తగ్గట్టే పూటకి మానెడు బియ్యం ఆయనొక్కడికే వండేవాళ్ళు. పప్పుతో ఓ కొండ, పులుసుతో ఓ కొండ, పెరుగుతో ఓ కొండ. ఆపైన మారు. మారంటే తెలుసుగా? ఒకసారి తిన్నాక మళ్ళీ వడ్డించడం. రాజు తల్లి పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, నాయనా, మారు పెట్టించుకోకుండా విస్తరి ముందు నుంచి లేవకు అని ఒట్టు వేయించుకుంది. పిచ్చి తల్లి! కరువు రోజుల్లో పెరిగిన మనిషి, బిడ్డ కడుపు నిండితే చాలనుకుంది.

ఊ కొడుతున్నారా? ఆఁ, అలా.

అట్లా ఉండగా రాజుకి జబ్బు చేసింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. రాత్రికి పదిసార్లు లేస్తాడు. ఆయన ఒంటేలుకి వెళ్ళిన చోటల్లా చీమలే చీమలు. నవ్వకే మేఘనా, నవ్వే సంగతి కాదు. వైద్యుడొచ్చి నాడి చూసి, ఇది తీపి జబ్బు అన్నాడు. మందిచ్చి తీపి మానమన్నాడు.

రాజు బూరెలు మానాడు, చీమలు మానలేదు. అరిసెలు మానాడు, చీమలు మానలేదు. మామిడిపండు వంక చూడ్డం కూడా మానాడు, చీమలు మానితేనా! కాలి మీద పుండు లేచింది, అదీ మానలేదు. కళ్ళు మసకలు కమ్మాయి.

అప్పటికి కోడలు నాంచారికి ఏడో నెల. రాజు దిగులంతా ఒక్కటే. పుట్టబోయే బిడ్డ మొహం చూసేదాకా ఈ కళ్ళుంటాయా అని ఏడ్చేవాడు. రాజైతే మాత్రం ఏడుపు రాదూ?

నాంచారి మహా గడుసుది. తీపి ముట్టని మనిషికి తీపి ఎక్కణ్ణుంచి వస్తోందా అని మామగారి విస్తరి వంక మూడు రోజులు చూసింది. నాలుగో రోజు వట్టి అన్నం ముద్ద చేతిలో పెట్టి, మింగకుండా వంద లెక్కపెట్టేదాకా నమలమంది. రాజు నమిలాడు. పది, ఇరవై, నలభై... ఏమైందో తెలుసా? నోట్లో ముద్ద తియ్యగా అయిపోయింది! రేపు మీరూ నమిలి చూడండి. నేను అబద్ధం చెప్పను. ఇందాకటిది తప్ప.

అయ్యో, చెంచాడు బెల్లం మానేసి కొండలు కొండలు మింగుతున్నానే అని రాజు తల పట్టుకున్నాడు.

అయితే అన్నం తగ్గించాలి, మారు మానాలి. అక్కడొచ్చింది చిక్కు. ప్రాణం పోయినా అమ్మకిచ్చిన మాట తప్పనన్నాడు. మంత్రి చెప్పాడు, వినలేదు. వైద్యుడు చెప్పాడు, వినలేదు. నాంచారి మాత్రం మర్నాడు విస్తరి వేసి బీరకాయ కూర, తోటకూర, కోడిగుడ్డు ఇగురు, చేపముక్కలు నిండుగా వడ్డించి, ఓ మూల అన్నం పిడికెడంటే పిడికెడు పెట్టింది. రాజు గుడ్లురిమాడు. కోడికి గింజలు చల్లావా అన్నాడు. అయినా తిన్నాడు. తిని, మారు అంటూ చూశాడు. నాంచారి గరిటెడు బీరకాయ కూర వేసింది.

మారన్నం ఏదమ్మా అన్నాడు రాజు.

"మామ్మగారు మారు పెట్టించుకోమన్నారు గానీ, అన్నమే పెట్టించుకోమన్నారా మామయ్యగారూ? మీరు చల్లగా ఉండాలనే కదా ఆవిడ అన్నది!"

రాజు ఆ కూర కళ్ళనీళ్ళతోనే తిన్నాడు.

ఊ కొడుతున్నారా? గొంతులు చిన్నబోయాయే.

ఒక్కరోజులో అయిపోలేదర్రా. వారం రోజులు అందరి మీదా విసుక్కున్నాడు. ఓ రోజు ఉట్టి మీది చల్దన్నం కుండ దింపుతూ దొరికిపోయాడు కూడా. నాంచారి తిట్టలేదు, చల్లటి మజ్జిగ ఇచ్చింది. వైద్యుడు వారం వారం చూసి మందు ఎంత తగ్గించాలో తనే చెప్పాడు. మనంతట మనం మందు మానకూడదు సుమా. మెల్లిగా దాహం తగ్గింది. చీమలు వేరే చోటు వెతుక్కున్నాయి. పుండు మానింది. ఆడపిల్ల పుట్టిననాడు రాజు ఒళ్ళో పెట్టుకుని, చెవి వెనక నువ్వుగింజంత పుట్టుమచ్చ ఉందర్రోయ్ అని కేకేశాడు. కన్నతల్లి కూడా చూడని మచ్చ!

ప్రేమ ఉంటే చాలదర్రా, ఏం పెడుతున్నామో తెలియాలి. మీ తాతయ్యకి నలభై ఏళ్ళు మారన్నం పెట్టింది నేనే. వద్దన్నా వేశాను. కిందటి నెల డాక్టరు గారు కాగితం చూసి షుగరు ఇంత ఉందన్నప్పుడు, నా చేత్తో నేనే చేశానే అనిపించి మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. అందుకే లేదన్నాను. రేపూ లేదంటాను. ఆయన నాకు కావాలర్రా.

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. ఊ కొడుతున్నారా?

"ఊఁ."

అదేమిటి, ఇద్దరూ గుర్రుపెడుతున్నారు! మరి ఊ కొట్టిందెవరు?

ఏవండీ! వరండాలో మీరా? మొదట్నుంచీ వింటున్నారా? ఆకలేస్తోందా? సరే, లేవండి. దొండకాయ వేపుడు ఉంది. మారు వడ్డిస్తాను.