కొత్తది కనబడని ముక్కు లారీ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ కొడుకు దాలినాయుడు. నలభై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి. ఆయన అబద్ధం ఆడితే గేరు తప్పినట్టు అక్కడికక్కడే తెలిసిపోతుంది. అందుకని ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో ఎవరూ దిద్దక్కర్లేదు.

అనకాపల్లికి ఇవతల సోమలింగపాలెంలో ఒక లారీ షెడ్డు ఉండేది. అందులో ముగ్గురు మేధావులు. పెద్దవాడు గవర్రాజు, ఇంజను మేస్త్రీ. వాడి తమ్ముడు పైడిరాజు రంగులు వేసేవాడు. బావమరిది సింహాచలం కరెంటు పని చేసేవాడు. దేవుడు ఆ ఊరికి బుర్ర పంచినప్పుడు మొత్తం తమ షెడ్డులోనే దించి వెళ్ళిపోయాడని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"ఊళ్ళో మేస్త్రీలందరికీ చేతులే ఉన్నాయి. మనకి చేతులతో పాటు చెవులున్నాయి," అనేవాడు గవర్రాజు. "వాళ్ళు వినేదొకటి, చేసేదొకటి. మనం అలాక్కాదు. బండి తెచ్చిన పార్టీ నోట్లోంచి ఏ మాట వస్తే ఆ మాటే చేస్తాం."

అది నిజమే. వాళ్ళ జబ్బూ అదే.

ఒకసారి కొండబాబు అనే ఆయన జీపు తెచ్చి షెడ్డు ముందు పల్లంలో నిలిపాడు. "కాస్త చూస్తూ ఉండండి, టీ తాగి వస్తాను," అన్నాడు. అంతే, ముగ్గురూ బల్ల మీద వరసగా కూర్చుని చూశారు. జీపు మెల్లగా కదిలితే చూశారు. రోడ్డు దాటితే చూశారు. ఎదటి చెరకు తోట గట్టు తెగ్గొట్టుకుని లోపల పడితే మెడలు చాచి మరీ చూశారు. కొండబాబు వచ్చి గోల పెడితే, "కన్ను ఆర్పలేదండి, మీ మీద ఒట్టు," అన్నాడు గవర్రాజు. ఆ తోట మాది. ఆ గట్టు సంగతి కొండబాబు ఈ రోజుకీ ఎత్తడు. నేనూ మరిచిపోలేదు.

సరే. ఆ ఊళ్ళో మంగాయమ్మ అని డెబ్భై అయిదేళ్ళ ఆవిడ ఉండేది. ఆవిడ మొగుడు చిట్టబ్బాయికి, ఇంజను ముందుకి ముక్కులా పొడుచుకొచ్చే పాతకాలం ముక్కు లారీ ఒకటి ఉండేది. బెల్లం దిమ్మలు మోసిన లారీ. ఏటా దసరా నాడు ఊళ్ళో బండ్లన్నీ నూకాలమ్మ గుడి దగ్గర పూజ చేయించుకుని ఊరేగింపుగా వెళ్ళేవి. ముప్పై ఏళ్ళ పాటు మొదటి బండి ఆ ముక్కు లారీయే. చిట్టబ్బాయి పోయాక లారీ పెరట్లో పదకొండేళ్ళు పడుకుంది. మొదటి చోటు కొండబాబు జీపు పట్టేసింది. పట్టేసి ఊరుకోలేదు. ప్రతి దసరాకీ మంగాయమ్మ గుమ్మం ముందు ఆగి మూడుసార్లు హారను కొట్టి మరీ పోయేది.

ఆవిడ లారీని తాళ్ళతో లాగించుకుని షెడ్డుకి తెచ్చింది.

"ఒరే గవర్రాజూ, మిగతా షెడ్ల వాళ్ళందరూ దీన్ని తుక్కుకి కోసెయ్యమన్నారు. ఈ దసరాకి ఇది ముందు నడవాలి, నేను ఇందులో కూర్చోవాలి. వచ్చే ఏటికి నా మోకాళ్ళు ఆ మెట్టు ఎక్కవు. నీ వల్ల అవుద్దా?"

"అవకపోతే షెడ్డు మూసుకుని పంచరు కొట్టు పెట్టుకుంటానమ్మా," అన్నాడు గవర్రాజు. ఊళ్ళో వాళ్ళు నలుగురూ విన్నారు. ఇంక వెనక్కి తీసుకోడానికి లేదు.

"ఇంజను కొత్తది వెయ్యి. బ్రేకులు కొత్తవి, లైట్లు కొత్తవి. ఎండకి ఓపలేను, చల్లగాలి మిషను కూడా పెట్టు. కానీ కంటికి ఒక్క కొత్త ముక్క కనబడకూడదు. పాతది రవ్వ కూడా పోకూడదు. మా ఆయన దిగిన నాడు ఎలా ఉందో అలాగే ఉండాలి."

గవర్రాజు ఆ మాటలు మూడుసార్లు చెప్పించుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఇంక నువ్వు మర్చిపోయినా పర్లేదమ్మా," అని పంపించాడు.

ఇంజను పని బాగానే చేశాడు. చేతులకి వంక పెట్టలేం. కొత్త ఇంజను పాత మూత కింద బుద్ధిగా కూర్చుంది. చిక్కల్లా బుర్ర వాడినప్పుడే.

పైడిరాజు తలుపులకి తుప్పు గీకడం మొదలెట్టాడు. రెండు రోజులు గీకాక గవర్రాజు వచ్చి గుండె పట్టుకున్నాడు.

"ఏట్రా ఈ పని? పాతది రవ్వ పోకూడదంది కదా. ఈ తుప్పు పాతదా, కొత్తదా?"

"పాతదే అన్నయ్యా. పదకొండేళ్ళది."

"మరి?"

ఇంకేముంది, కింద పడిన తుప్పంతా చీపురుతో ఊడ్చి డాల్డా డబ్బాకెత్తారు. మైదా పిండి ఉడికించి, జిగురు చేసి, తుప్పు అందులో కలిపి, తలుపులకి మళ్ళీ అంటించారు. తలుపులు ముందుకన్నా పాతగా వచ్చాయి. ముగ్గురూ మురిసిపోయి భోజనానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి రెండు మేకలు ఎడం తలుపుని శుభ్రంగా నాకేసి ఉన్నాయి.

"తరమనా బావా?" అన్నాడు సింహాచలం.

"తరిమితే తుప్పు పోతుంది కదరా. కట్టెయ్యి," అన్నాడు గవర్రాజు.

అంతే, మేకల్ని లారీకే కట్టేశారు.

తరవాత లైట్లు. కొత్త లైట్లు తళతళా మెరిసిపోతున్నాయి. ఎక్కడ పెట్టినా కనబడుతున్నాయి. సింహాచలం ఒక పూటంతా ఆలోచించి, వాటిని ముక్కు లోపల, ఇంజను వైపు తిప్పి బిగించాడు. బ్రేకు పెడలు కూడా కొత్తదే. దాన్ని డ్రైవరు సీటు కింద, వెనక గోడకి ఆనించి పెట్టారు. చల్లగాలి మిషను పనిముట్లుండే పానాల పెట్టెలో పెట్టి మూత వేశారు. దాని గొట్టాలు బయటికి తెస్తే కనబడతాయి కాబట్టి తేలేదు. పానాలూ జాకీ హాయిగా ఉన్నాయి.

దసరా ఇంకా రెండు రోజులుందనగా మంగాయమ్మ చూడ్డానికి వచ్చింది. డ్రైవరు తలుపు తీసింది. లోపల సీట్లో భారీ మనిషొకడు కూర్చుని అరిటాకులో పులిహోర తింటున్నాడు.

"ఇతనెవడ్రా?"

"బెల్లం కాటా దగ్గర అప్పన్నమ్మా. సీట్లో దూది కొత్తది వేశాం. అయ్యగారు కూర్చుని కూర్చుని పాత సీటుకి పెద్ద గుంట ఉండేది కదా. ఆ గుంట పోకూడదని ఆయన తూకం ఉన్న మనిషిని వెతికి తెచ్చాం. మూడు రోజులబట్టి కూర్చున్నాడు."

"ఇంకో రెండు పూటల్లో గుంట పడిపోద్దండి," అన్నాడు అప్పన్న వినయంగా.

మంగాయమ్మ తలుపు మళ్ళీ మూసేసింది. "లైట్లు ఏవి?" అంది.

సింహాచలం లారీ ముక్కు పైకెత్తి స్విచ్చి వేశాడు. లోపల పట్టపగల్లా వెలిగింది. "ఇంజను ఎంత స్పష్టంగా కనబడుతోందో చూడండమ్మా."

"రోడ్డు కనబడద్దట్రా?"

"రోడ్డు పాతదే కదమ్మా. తెలిసిందే."

"బ్రేకు?"

"సీటు కింద. నేను బోర్లా పడుకుని చేత్తో నొక్కుతాను. బావ 'నొక్కు' అంటే నొక్కడమే."

"చల్లగాలి?"

పానాల పెట్టె మూత తీసి చూపించారు. ఆవిడ అందులో చెయ్యి పెట్టి, తీసి, చెంగుతో తుడుచుకుంది. "జాకీకి జలుబు చెయ్యకుండా చూసుకోండి. ఈ మేకలేటి?"

"అవి మేకలు కావమ్మా, ఎడం తలుపు," అన్నాడు పైడిరాజు.

అంతా విన్నాక మంగాయమ్మ నుదురు కొట్టుకోలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఇంకో షెడ్డుకి పోడానికి రోజులు లేవు. ఇంజను వేయించి చూసింది. ఆ చప్పుడు వింటూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. తరవాత గవర్రాజుని దగ్గరికి పిలిచింది.

"ఒరే, ఇప్పుడు చెప్పేది బాగా విను. దసరా నాడు గుడి దగ్గర బయల్దేరినప్పట్నించి ఈ లారీ ముందు ఒక్క బండి కనబడకూడదు. కొండబాబు మనుషులు అడ్డం పడతారు, ఆపమంటారు. ఎవరు ఆపమన్నా ఆపకు."

"ఎవరు ఆపమన్నా?"

"ఎవరు ఆపమన్నా."

గవర్రాజు రెండు వేళ్ళు ముడిచి పెట్టుకున్నాడు. రెండే మాటలు. ఇంత తేలికైన పని వాడికి జన్మలో దొరకలేదు.

దసరా పొద్దున్న నూకాలమ్మ గుడి ముందు లారీకి బంతిపూల దండలు వేశారు. గుమ్మడికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అప్పన్న, పైడిరాజు సాయం పట్టి మంగాయమ్మని పైకెక్కించారు. గవర్రాజు స్టీరింగు పట్టాడు, వాడి కింద సింహాచలం బోర్లా పడుకున్నాడు. పైడిరాజు మేకలతో వెనక ఎక్కాడు. కొండబాబు జీపు పక్కకి వచ్చి హారను కొట్టబోయేలోపల లారీ నాలుగు నిమ్మకాయలూ చిదుముకుని ముందుకి దూకింది. జనం కేకలు. మంగాయమ్మ వెనక్కి తిరిగి జీపుని చూసి కొంగు సరిగ్గా కప్పుకుంది. పదకొండేళ్ళకి ఆ మొహం మీద నవ్వు వచ్చింది.

ఆ నవ్వు సెంటరు దాకా ఉంది.

ఊరేగింపు సెంటరు దగ్గర ఎడం పక్కకి, మార్కెట్టు వైపు తిరగాలి. కానీ మార్కెట్టు వీధి చివర ఒక ఆటో నిలబడి ఉంది. గవర్రాజు తల వంచి చూశాడు. ముందు బండి కనబడుతోంది. కుడి వైపు చూశాడు. ఖాళీ. అంతే, కుడి వైపు తిప్పేశాడు.

"ఇటెటురా?" అంది మంగాయమ్మ.

"ఇటే ఎవరూ లేరమ్మా."

అంటుండగానే వీధి మలుపులో సైకిలు కనబడింది. దాన్ని దాటాడు. దాని ముందు ట్రాక్టరు. దాన్నీ దాటాడు. దాని ముందు బస్సు. ఇంకేముంది, హైవే దాటి అచ్యుతాపురం రోడ్డెక్కేశారు. ఆ రోడ్డు మీద ఒక బండిని దాటితే దాని ముందు ఇంకోటి పుట్టుకొస్తోంది.

"ఆపరా, నీ దుంప తెగ," అంది మంగాయమ్మ.

"ఎవరు ఆపమన్నా ఆపొద్దన్నావు కదమ్మా."

"నేను కాదురా, కొండబాబు వాళ్ళు."

"నేను అడిగాను కదా, 'ఎవరు ఆపమన్నా?' అని. 'ఎవరు ఆపమన్నా' అన్నావు. నువ్వు అందులో లేవని ఎక్కడన్నావు?"

"బావా, నొక్కనా?" అన్నాడు సింహాచలం కింద నుంచి.

"నొక్కావంటే చూసుకో," అన్నాడు గవర్రాజు.

మంగాయమ్మ గవర్రాజుని తిట్టింది, వాడి తాతని తిట్టింది, తనని కాటికి పంపకుండా ఇన్నాళ్ళు ఉంచిన దేవుణ్ణి తిట్టింది. అచ్యుతాపురం దాటాక తిట్టడం మానేసింది. ముక్కు లారీ అరవై మీద పోతోంది. చిట్టబ్బాయి ఉండగా అది నలభై దాటి ఎరగదు. రోడ్డు పక్క పొలాల్లో ఆడవాళ్ళు నడుం ఎత్తి ఆ పాత లారీని చూస్తున్నారు. ఒకళ్ళిద్దరు చెయ్యి ఊపారు. ఆవిడ కూడా ఊపింది.

పూడిమడకలో రోడ్డు అయిపోయింది. గవర్రాజు ఆగలేదు. ఇళ్ళ మధ్యనించి, వలలు ఆరేసిన చోటు పక్కనించి తిన్నగా ఇసకలోకి దింపాడు. సముద్రం ఒడ్డున తడి ఇసకలో ముందు చక్రాలు దిగబడి లారీ దానంతట అదే నిలబడిపోయింది. వాడు దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చివరినించి ఈ చివరిదాకా చూశాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. మన ముందు ఒక్క బండి కనబడుతోందేమో."

మంగాయమ్మ కూడా తల తిప్పి చూసింది. నిజంగానే లేదు.

"అన్నయ్యా, పడవ," అన్నాడు పైడిరాజు పైనుంచి.

ముగ్గురూ చూశారు. కొంచెం లోపల చేపల పడవ ఒకటి ఒడ్డుకి వస్తోంది.

"పడవ బండేటి? చక్రాలేవి?" అన్నాడు సింహాచలం, సీటు కిందనించి తల బయటపెట్టి.

"ఇంజను ఉంది. డీజిలు తాగుతుంది," అన్నాడు పైడిరాజు.

"మా మావయ్య పంపుసెట్టు కూడా డీజిలు తాగుద్ది. దాన్ని బండంటావా?"

గవర్రాజు కళ్ళు చిట్లించి చూసి తేల్చేశాడు. "పక్కన నంబరు రాసుంది. నంబరున్నది బండే."

మంగాయమ్మ వాడి చొక్కా పట్టుకునేలోపల ఎక్కి గేరు వేశాడు. కొత్త ఇంజను కదా, చక్రాల్ని ఇసకలోంచి పీకేసింది. లారీ నీళ్ళలోకి నడిచింది. ఒక అల ముక్కు దాకా వచ్చింది, రెండోది ముక్కులోకి వచ్చింది. లోపల లైట్లు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయాయి. ఇంజను ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

పడవ వాళ్ళు వచ్చి ముందు మంగాయమ్మని దించుకున్నారు, తరవాత మేకల్ని, వాటితో పాటు పైడిరాజుని. సింహాచలాన్ని కాళ్ళు పట్టి లాగారు. పడవ ఒడ్డుకి తిరిగింది. గవర్రాజు మాత్రం నడుం లోతు నీళ్ళలో, లారీ వెనక నిలబడి అరుస్తున్నాడు.

"అమ్మా, లారీ ఇప్పుడు సముద్రం వైపు తిరిగుంది కాబట్టి ఒడ్డు వైపున్న మీ పడవ వెనకున్నట్టే లెక్క. పడవ వాళ్ళని మాత్రం మళ్ళీ లారీ ముందుకి రానివ్వకు."

జరిగింది ఇది. ఇప్పుడు మా ఊరి బండ్ల సంఘం ఆఫీసు గోడ మీద బోర్డు పెట్టారు. ఆ ఏటి దసరా ఊరేగింపులో మొదటి బండి కొండబాబు జీపని పెద్దక్షరాలతో రాశారు. తప్పు. గుడి దగ్గర ముందు కదిలింది మంగాయమ్మ లారీ. జీపు మార్కెట్టు చేరేసరికి అది ఎన్నో కిలోమీటర్ల ముందుంది. మరీ ముందుందని దాన్ని ముందు బండి కాదనడం ఎక్కడి న్యాయం? నా అక్షరాలు తిన్నగా రావు. నేను అర్జీ రాస్తే వాళ్ళు చదివే లోపల నవ్వుతారు. చదువుకున్న వాళ్ళెవరైనా ఒక్కసారి ఆ ఆఫీసుకి వెళ్ళి, బోర్డు మీద ఆ పేరు చెరిపించి, మంగాయమ్మ ముక్కు లారీ అని రాయించండి.